అనంతపురానికి తగిన జంట నగరం ఏది? నా ఓటు కావోలాక్‌కే

మీ ప్రశ్న ఇది: విజయవాడకు అమెరికాలోని మోడెస్టో, హైదరాబాద్‌కు ఇండియానాపోలిస్ సోదర నగరాలుగా ఉన్నాయి కదా, మన అనంతపురానికి అలాంటి జత కుదరాలంటే ఏ ఊరు తగినది? కియా కార్ల వల్ల కొరియా నగరమా, ఫాదర్ ఫెర్రర్ వల్ల బార్సిలోనానా? అసలు ఇలాంటి ఒప్పందంతో ఊరికి ఏం ఒరుగుతుంది?

నేను పురపాలక శాఖలో పనిచేశాను. ఆ తరువాత మెట్ట సేద్యం మీద పనిచేసేవారితో చాలా ఏళ్లు తిరిగాను. ఆ రెండు అనుభవాలూ కలిపి చూసుకుంటే నాకు తోచే ఊరు సెనెగల్ దేశంలోని కావోలాక్. పశ్చిమ ఆఫ్రికాలో, డకార్‌కు ఆగ్నేయంగా, సలూమ్ నది ఒడ్డున ఉంది. ఈ పేరు మన జిల్లాలో చాలామంది విని ఉండరు. అయినా మన కష్టం ఇంత దగ్గరగా తెలిసిన పట్టణం కొరియాలోనూ స్పెయిన్‌లోనూ దొరకదని నా గట్టి నమ్మకం. ఎందుకో వివరంగా చెబుతాను.

వేరువేరు దేశాల్లోని రెండు ఊళ్లు స్నేహ ఒప్పందం చేసుకునే ఈ ఆనవాయితీ ఎక్కడ బలపడిందో ముందు చూడండి. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు ఇంగ్లండులోని కోవెంట్రీ నగరం నడిబొడ్డును కాల్చివేశాయి. మధ్యయుగాల నాటి పెద్ద చర్చిలో గోడలు, శిఖరం మాత్రమే మిగిలాయి. రెండేళ్ల తరువాత రష్యాలో స్టాలిన్‌గ్రాడ్ అంతకన్నా ఘోరంగా నేలమట్టమవుతుంటే కోవెంట్రీ ఆడవాళ్లు ఒక పెద్ద బల్లగుడ్డ మీద తమ పేర్లు కుట్టారు. ఎనిమిది వందల మందికి పైగా పేర్లు. ఒక్కొక్కరు ఆరు పెన్నీలు చందా వేసి గుడ్డతోపాటు పంపారు. కొండంత సానుభూతి కన్నా కొంచెం సాయం మేలు అనే అర్థం వచ్చే మాట కూడా దాని మీద కుట్టారు. 1944లో ఆ రెండు నగరాలూ జంట నగరాలయ్యాయి. ఆ తరువాత కోవెంట్రీ, బ్రిటిష్ విమానాలే తగలబెట్టిన జర్మన్ నగరం డ్రెస్డెన్‌తో కూడా చేయి కలిపింది. 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రోత్సాహంతో సోదర నగరాల ఉద్యమం అక్కడ ఊపందుకుంది. మన దేశంలో మద్రాసు 1966లోనే వోల్గోగ్రాడ్‌తో జత కట్టింది. స్టాలిన్‌గ్రాడ్‌కు తరువాత పెట్టిన పేరే అది.

కోవెంట్రీ, స్టాలిన్‌గ్రాడ్‌లను కలిపింది జనాభా లెక్క కాదు, భవనాల అందం కాదు. రెండు ఊళ్లకూ ఒకే రకం దెబ్బ తగిలింది. ఇప్పటి ఒప్పందాల్లో ఎక్కువ భాగం ఈ సంగతి మరిచిపోయాయి. మేయర్లు శాలువాలు కప్పుకుంటారు, ఒక కూడలికి అవతలి ఊరి పేరు పెడతారు, ఫలకం వేస్తారు, అక్కడితో సరి. పాలకవర్గం మారితే ఆ దస్త్రం ఏ బీరువాలో ఉందో చెప్పేవారు కూడా ఉండరు. ఊళ్లో ఎవరి రోజువారీ పనితోనూ ముడిపడని ఒప్పందానికి ఆ గతి పట్టక తప్పదు.

విజయవాడ, మోడెస్టోల సంగతి చూడండి. మోడెస్టోలో 1912లో కట్టిన కమాను మీద నీరు, సంపద, తృప్తి, ఆరోగ్యం అనే నాలుగు మాటలు ఉంటాయి. మొదటి మాట నీరే. 1887లో ఏర్పడిన సాగునీటి సంస్థ కాలువలు తవ్వించాకే ఆ కాలిఫోర్నియా పట్టణం చుట్టూ తోటలు వచ్చాయి. 1855 నాటి కృష్ణా ఆనకట్ట, దాని కాలువలు బెజవాడను పెంచినట్టే అది కూడా పెరిగింది. వరికీ బాదం తోటలకూ పోలిక లేకపోయినా కాలువ చివరి రైతుకు నీళ్లు అందించే తిప్పలు రెండు చోట్లా ఒకటే. మాట్లాడుకోవాలే గానీ ఆ రెండు ఊళ్లకు బోలెడు సరుకుంది.

ఇక మీరు చెప్పిన రెండు పేర్లు.

బార్సిలోనాతో మనకున్న బంధం ఏ ఒప్పందం కన్నా పెద్దది. 1920లో ఆ నగరంలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో మన దేశానికి వచ్చారు, 1969లో అనంతపురం చేరారు, 2009 జూన్ 19న ఇక్కడే కన్నుమూశారు. ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ కట్టించిన ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి జిల్లాలో లక్షల మందికి తెలుసు. ఎక్కడో స్పెయిన్‌లో ఉన్న కుటుంబం పంపిన ఉత్తరాన్ని ట్రంకు పెట్టెలో దాచుకున్న ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. రఫెల్ నాదల్ పేరుతో 2010లో ఇక్కడ టెన్నిస్ బడి కూడా వచ్చింది. ఈ ఋణం మాటలతో తీరేది కాదు. అయితే ఇందులో ఇచ్చే చేయి ఒకవైపు, పుచ్చుకునే చేయి ఇంకోవైపు ఉన్నాయి. జంట నగరాలంటే ఇద్దరూ ఒకరినొకరు అడగగలగాలి, ఇద్దరూ ఒకరికొకరు నేర్పగలగాలి. బార్సిలోనా నగరపాలకులు మన దగ్గరికి వచ్చి తమ ఊరి చిక్కు ఒకటి విప్పమని అడిగే అవసరం నాకు కనబడటం లేదు. ఫెర్రర్‌తో వచ్చిన బంధాన్ని ఉన్నచోటనే గౌరవంగా ఉంచుదాం.

కియా మాట వేరు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలైంది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడివారు జత వెతుక్కుంటే కొరియాకు పోనక్కరలేదు, స్లొవేకియాలోని జిలినాను చూడమంటాను. ఆ చిన్న నగరం పక్కన 2006లో అదే కంపెనీ కర్మాగారం వచ్చింది. భూమి ఇచ్చిన ఊరికి ఎన్ని ఉద్యోగాలు దక్కాయి, అద్దెలు ఎంత పెరిగాయి, స్థానిక పిల్లలకు ఏ శిక్షణ పనికొచ్చింది అన్నది పెనుకొండ కన్నా పదమూడేళ్లు ముందు చూసిన ఊరు అది. అన్న అనుభవం తమ్ముడికి పనికొస్తుంది.

ఇప్పుడు కావోలాక్.

మన జిల్లాకు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్య మేఘాలు తూర్పు కొండలు దాటి వచ్చేసరికి చిక్కిపోతాయి. కావోలాక్ సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సహెల్ ప్రాంతంలో ఉంది. అక్కడా వాన మనకు కాస్త అటూఇటుగానే పడుతుంది. జూన్, జూలైలలో మొదలై అక్టోబరుకు ఆగిపోతుంది. మనవి ఎర్ర గరప నేలలు, వాళ్లవి ఇసుక నేలలు. రెండూ నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేవు. రెండు చోట్లా రైతు ఆ వానను నమ్ముకుని వేసే పంట ఒకటే, వేరుశనగ. సెనెగల్ మధ్య భాగానికి వేరుశనగ పరీవాహకం అనే పేరు స్థిరపడిపోయింది. కావోలాక్ దానికి ముఖ్యపట్టణం. ఊరి బయట కొండల్లా పోసిన కాయ, దగ్గరలో లిన్‌డియాన్ నూనె కర్మాగారం, నది పక్కన ఉప్పు మడులు. ఫ్రెంచివారి పాలనలో ఓడలు సలూమ్ నది మీద లోపలిదాకా వచ్చి కాయ నింపుకుని వెళ్లేవి. ఆ గింజలు ఫ్రాన్సులో నూనె, సబ్బు అయ్యేవి.

పంట ఒకటే కావడం పైపై పోలిక. ఆ పంట ఊరిని పట్టుకున్న తీరు కూడా ఒకటే. సెనెగల్ రైతు అంతకుముందు తన తిండికి సజ్జ పండించుకునేవాడు. పన్ను నగదుగా కట్టాలన్నారు, నగదు కావాలంటే వేరుశనగ వేయాలి. సజ్జ చేలు తగ్గాయి. ఆ లోటు పూడ్చటానికి ఫ్రెంచివారు తమ ఏలుబడిలోనే ఉన్న ఇండోచైనా నుంచి నూక బియ్యం తెచ్చారు. ఇవాళ సెనెగల్ జాతీయ వంటకం చేపలతో వండే నూకల అన్నం, ఆ నూకల్లో ఎక్కువ భాగం దిగుమతి సరుకు.

ఇది చదువుతుంటే మన కథే వింటున్నట్టు లేదూ? మన మెట్ట చేలలో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక ఉండేవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ మొదలుపెట్టింది, వేరుశనగకు ధర పలికింది. తిండికి చౌక బియ్యం ఉంది, చేతికి డబ్బిచ్చే పంట ఉంది, ఇక కొర్ర ఎందుకు? జిల్లా సాగు భూమిలో అధిక భాగం ఒకే పంట కిందికి వెళ్లిపోయింది. తరువాత 1990లలో వంటనూనెల దిగుమతికి తలుపులు తెరిచారు, పామాయిల్ వచ్చిపడింది. వాన ఉంటే ధర లేదు, ధర ఉంటే వాన లేదు. సెనెగల్‌లో కూడా ప్రభుత్వ నూనె సంస్థను 2005లో ప్రైవేటుకు అమ్మారు, 2016లో ప్రభుత్వమే మళ్లీ తీసుకుంది. ఈ మధ్య చైనా వ్యాపారులు నేరుగా కాయ కొనుక్కుపోతుంటే స్థానిక మిల్లులకు గింజ చాలడం లేదు. మూతబడిన మిల్లు గేటు ముందు నిలబడిన హమాలీ బాధ రెండు ఊళ్లకూ తెలుసు.

తెగుళ్లలో కూడా మనకు చుట్టరికం ఉంది. మొక్క గిడసబారి గుబురుగా ఉండిపోయే ఒక వైరస్ తెగులును పశ్చిమ ఆఫ్రికాలో మొదట గుర్తించింది సెనెగల్‌లోనే. దాని దగ్గరి బంధువు మన దేశపు ఇసుక నేలల్లో ఉంది. రెండింటినీ వేరులోకి మోసుకెళ్లేది ఒకే రకం నేల సూక్ష్మజీవి. మన జిల్లా వారెవరూ మరిచిపోలేనిది 2000 సంవత్సరపు ఖరీఫ్. కాండం కుళ్ళు వైరస్ దాదాపు 2.25 లక్షల హెక్టార్లను తాకింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. వయ్యారిభామ కలుపు పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుందని, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసి పంట మీద పడేస్తాయని తరువాత శాస్త్రవేత్తలు తేల్చారు. చేను గట్ల మీద వయ్యారిభామ పీకడం, చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేయడం మనం అంత ఖరీదు చెల్లించి నేర్చుకున్న విద్య.

వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది అంతకన్నా విలువైనది, ఆఫ్లటాక్సిన్ మీద పోరాటం. కాయ ఊరే దశలో బెట్ట తగిలితే గింజలో ఒక బూజు చేరుతుంది, దాని విషమే ఆఫ్లటాక్సిన్. కాలేయానికి చాలా చెడ్డది. యూరప్ దేశాలు దీని మీద కఠినమైన హద్దులు పెట్టడంతో సెనెగల్ ఎగుమతి బాగా దెబ్బతింది. వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. విషం పుట్టించని అదే జాతి బూజును స్థానిక నేలల్లోంచి ఏరి, జొన్న గింజలకు పట్టించి, పంట మధ్యలో చల్లే పద్ధతిని పరిశోధకులతో కలిసి తయారు చేయించుకున్నారు. మంచి బూజు చోటు ఆక్రమిస్తే విషపు బూజుకు చోటు ఉండదు. ఆఫ్లాసేఫ్ ఎస్ఎన్01 అని దాని పేరు. మన పిల్లలు తినే చిక్కీ, మన పశువులు తినే వేరుశనగ చెక్క, వాటి పాలు, అన్నిటికీ సంబంధించిన విషయం ఇది. దీనిని చేలో చల్లిన రైతు నోట వినడానికి మన రైతును పంపించగలిగితే ఆ ఒక్క ప్రయాణంతోనే ఒప్పందం ఖర్చు రాబట్టుకున్నట్టే.

ఇంకొకటి ఫైదర్బియా చెట్టు. తుమ్మకు దగ్గరి చుట్టం. అన్ని చెట్లకూ భిన్నంగా ఇది వానాకాలంలో ఆకు రాల్చి ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. కింద వేసిన సజ్జకు నీడ అడ్డం రాదు, రాలిన ఆకు ఎరువవుతుంది, వేసవిలో మేకలకు కాయ దొరుకుతుంది. సెనెగల్‌లోని సెరేర్ రైతులు తరతరాలుగా ఈ చెట్లను చేలలోనే కాపాడుకుంటున్నారు. మనం ట్రాక్టరు తిరగడానికి అడ్డమని చేలో చెట్టు కొట్టేశాం. వాళ్ల చేలు చూస్తే ఆ పని మళ్లీ ఆలోచిస్తాం.

మనం ఇవ్వగలిగింది తక్కువేమీ కాదు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి వేరుశనగ రకాలు ఉన్నాయి. రేకులకుంటలో మెట్ట సేద్యపు పరిశోధన ఉంది. వాళ్ల వైపు బంబేయ్‌లో 1921 నుంచి పరిశోధన కేంద్రం నడుస్తోంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇద్దరికీ ఉమ్మడి పరిచయం. తొలకరికి ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లి నేలను పచ్చగా కప్పే పద్ధతి మన పల్లెల్లో నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్య కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. పంట కుంటలు, బిందు సేద్యం, చీనీ (బత్తాయి), దానిమ్మ తోటల వైపు మళ్లిన తీరు, 2012లో హంద్రీ-నీవా కాలువ నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరాక మారిన చుట్టుపక్కల పల్లెలు, ఇవన్నీ కావోలాక్ వారికి పనికొచ్చే పాఠాలు. తోటలకు బోర్లు వేసి భూగర్భజలాన్ని ఎంత లోతుకు దించామో కూడా దాచకుండా చూపించాలి.

మరో బంధం మన ఎరువుల దుకాణంలోనే ఉంది. సెనెగల్ ఫాస్ఫేట్ గనుల దేశం. అక్కడ తయారైన ఫాస్ఫారిక్ ఆమ్లం దశాబ్దాలుగా మన దేశపు ఎరువుల కర్మాగారాలకు వస్తోంది, మన ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో అక్కడి సంస్థలో వాటా కూడా పెట్టింది. భోజనం దగ్గరా కలుస్తాం. వేరుశనగ ముద్దతో చిక్కగా చేసిన మఫే పులుసు వాళ్ల ఇంటి వంట, సంగటిలోకి వేరుశనగ ఊరిబిండి మన ఇంటి వంట.

భాష అడ్డమవుతుంది. అక్కడ పాలనా భాష ఫ్రెంచి, వీధి భాష వొలోఫ్. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంతో కావోలాక్ కేంద్రంగా ఉన్న విశ్వవిద్యాలయాన్ని ముందుగా కలిపితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. నగరపాలక సంస్థ కన్నా ముందు విద్యాసంస్థలు, పరిశోధన కేంద్రాలు కలవడమే మంచిదని నా అభిప్రాయం. వాటికి ఎన్నికలతో పని లేదు.

డబ్బు గురించి ఒక మాట. ఫ్రాన్సులో 2005లో ఒక చట్టం చేశారు. స్థానిక సంస్థలు తమ నీటి, పారిశుధ్య ఆదాయంలో ఒక శాతం వరకు విదేశీ పట్టణాల నీటి పనులకు ఖర్చు పెట్టవచ్చు. సహెల్ పట్టణాలతో ఫ్రెంచి పట్టణాలు కుదుర్చుకున్న స్నేహాలు ఫలకాలతో ఆగకుండా కుళాయిల దాకా వెళ్లడానికి ఇలాంటి నిధి ఒక కారణం. మనకు అలాంటి చట్టం లేదు. కానీ 1964 నుంచి భారత ప్రభుత్వం నడుపుతున్న ఐటెక్ శిక్షణ కార్యక్రమం ఉంది. మిత్రదేశాల ఉద్యోగులు మన ఖర్చుతో ఇక్కడికి వచ్చి నేర్చుకుంటారు. కావోలాక్ ఉద్యోగులు రావడానికి ఆ దారి వాడుకోవచ్చు.

అనుమతుల దారి కూడా తెలుసుకోండి. నగరపాలక సంస్థ తనంతట తాను విదేశీ నగరంతో సంతకం చేయడానికి వీల్లేదు. కౌన్సిల్ తీర్మానం, దాని మీద రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి, ఆపై విదేశాంగ శాఖ అనుమతి కావాలి. తీర్మానంలో "సాంస్కృతిక, ఆర్థిక సహకారం" అని గాలిలో రాస్తే ఎక్కడో ఒక బల్ల మీద పడి ఉంటుంది. ఏడాదికి ఎందరు రైతులు, ఏ నెలలో, ఏ విషయం మీద, ఎవరి ఖర్చుతో వెళ్తారో రాస్తే పై అధికారికి కూడా సంతకం పెట్టడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇదే ప్రశ్న కర్నూలు వారు అడిగితే జర్మనీలోని పాసౌ పేరు చెబుతాను. మూడు నదులు కలిసే ఊరు. 2013లో అక్కడ వచ్చిన వరద కొన్ని శతాబ్దాల్లో ఎన్నడూ లేనిది. ఏ ఏడాది నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో పురభవనం గోడ మీద గీతలు గీసి ఉంచారు. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట 2009 అక్టోబరులో మునిగిన కర్నూలుకు ఆ ఊరితో మాట్లాడవలసింది చాలా ఉంది. కడపకైతే వేల్స్‌లోని పలకరాతి గనుల పట్టణాలు సరిపోతాయి. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై, మూతబడిన గని యజమానుల నుంచి పరిహారం దొరకని అక్కడి కార్మికులు పోరాడి 1979లో చట్టం తెచ్చుకున్నారు. ఎర్రగుంట్ల, పక్క జిల్లాలోని బేతంచెర్ల బండల పనివారికి అది తెలియాలి.

మీరు నిజంగా ఈ పని తలకెత్తుకుంటే మొదటి ఉత్తరం డకార్‌లోని భారత రాయబార కార్యాలయానికి, దాని నకలు రేకులకుంట కేంద్రానికి పంపండి. ఉత్తరంలో అనంతపురం గొప్పలు వద్దు. మన వాన లెక్క, మన నేల, 2000 నాటి తెగులు, ఆఫ్లటాక్సిన్ గురించి మనకున్న భయం, మన దగ్గరున్న విత్తన రకాలు, ఇవి రెండు పేజీల్లో రాయండి. ఫ్రెంచి అనువాదం జత చేయండి. మే నెలలోపే పంపండి. జూన్‌లో తొలకరి పడితే అక్టోబరు దాకా అక్కడా ఇక్కడా జవాబు రాసే తీరిక ఎవరికీ ఉండదు.